ఒక డిష్, రెండు టీవీలు: మా తాతయ్య ముందే చెప్పిన బగ్



"టెక్నికల్ టాపిక్ ఏదైనా తెలుగులో రాయి" అని మన క్లబ్ సీనియర్స్ అన్నప్పుడు ముందు భయం వేసింది. ఎల్‌కేజీ నుంచి నాది ఇంగ్లిష్ మీడియం. తెలుగు బాగానే మాట్లాడతా గానీ, రాసేటప్పుడు ఏ ఒత్తు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ ఆగి ఆలోచిస్తా. సార్టింగ్ అల్గారిథమ్స్ మీద రాద్దామనుకున్నా. అవి ఎలాగూ క్లాసులో చెబుతారు కదా అనిపించింది. అందుకే పోయిన వేసవి సెలవుల్లో మా ఊళ్లో నన్ను నాలుగు రోజులు తిప్పలు పెట్టిన విషయం రాస్తున్నా. ఒకే డిష్ నుంచి రెండు టీవీలకి కనెక్షన్ ఎలా ఇవ్వాలి, ఎలా ఇవ్వకూడదు అన్నదే విషయం. ఇదే తలనొప్పి తర్వాత అమెరికాలో, చక్రాల మీద తిరిగే ఇంట్లో కూడా వచ్చింది. అది చివర్లో చెబుతా.

అసలు ఏం జరిగిందంటే

మాది కోనసీమలో ఒక ఊరు. జనవరిలో మా తాతయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు సరిగ్గా పనిచేయవు. మాట బాగా ముద్దగా వస్తుంది. హాల్లో మంచం ఇరుకవుతోందని వెనక గదిలోకి మార్చారు. తాతయ్యకి వార్తలు లేకపోతే రోజు గడవదు. అందుకని నాన్న పాత టీవీ ఒకటి ఆ గదిలో పెట్టించి, రెండో సెట్‌టాప్ బాక్స్ తీసుకున్నారు. డిష్ బిగించే అతను వచ్చి డాబా మీద నుంచి వచ్చే కేబుల్‌ని కట్ చేసి, ఒక చిన్న స్ప్లిటర్ పెట్టి, రెండు బాక్సులకీ కనెక్షన్ ఇచ్చి వెళ్లాడు. రెండు టీవీలూ వచ్చాయి. అందరూ హ్యాపీ.

సాయంత్రం అయ్యేసరికి తాతయ్య టీవీలో "నో సిగ్నల్". పొద్దున్నే మళ్లీ మామూలుగా వస్తోంది. సాయంత్రం మళ్లీ పోతోంది. నాన్న ఫోన్ చేస్తే మెకానిక్ పొద్దున వచ్చి చూస్తాడు, అప్పుడు అంతా బాగానే ఉంటుంది. "ఏం ప్రాబ్లం లేదండీ" అని వెళ్లిపోతాడు. రెండుసార్లు ఇదే జరిగింది. మన ల్యాబ్‌లో "నా సిస్టమ్‌లో రన్ అవుతోంది సార్" అంటాం చూడండి, అచ్చం అదే.

సాయంత్రం గాలికి కొబ్బరి మట్ట డిష్‌కి అడ్డం వస్తోందని నాన్న అనుమానం. మనిషిని పిలిచి రెండు మట్టలు కొట్టించారు. ఫలితం లేదు.

టీవీ పోయినప్పుడల్లా తాతయ్య ఎడమ చేత్తో మంచం పట్టె మీద కొట్టేవాడు. ఏదో చెప్పేవాడు. "ఈళ్లు... ఈళ్లు" అని వినిపించేది. నాన్నమ్మ గ్లాసుతో నీళ్లు తెచ్చేది. తాతయ్య గ్లాసు తోసేసేవాడు. "ఈయనకి రోజురోజుకీ మొండితనం ఎక్కువైపోతోంది" అని నాన్నమ్మ కళ్లు తుడుచుకునేది. నేను సెలవులకి వెళ్లేసరికి ఇంట్లో పరిస్థితి ఇదీ. "నువ్వు కంప్యూటర్ చదువుతున్నావు కదా నాన్నా, ఆ టీవీ సంగతి ఏదో చూడు" అంది నాన్నమ్మ. కంప్యూటర్ సైన్స్‌కీ టీవీ రిపేర్‌కీ సంబంధం లేదని మన ఇళ్లలో ఎవరు నమ్ముతారు?

ముందు కొంచెం బేసిక్స్

బగ్ ఏంటో అర్థం కావాలంటే సిగ్నల్ ఎలా వస్తుందో తెలియాలి. నాకూ అప్పటిదాకా తెలియదు, రెండు రోజులు చదివి తెలుసుకున్నా.

డీటీహెచ్ ఉపగ్రహం భూమధ్యరేఖకి పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో ఉంటే అది భూమి తిరిగే వేగంతో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకి ఆకాశంలో ఒకేచోట ఆగిపోయినట్టు ఉంటుంది. అందుకే డిష్‌ని ఒకసారి గురి చూసి బిగిస్తే చాలు. ఇలాంటి ఉపగ్రహాలతో ప్రపంచమంతా సమాచారం పంపొచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే ఒక పత్రికలో రాశాడు. మన దేశంలో 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ అనే ప్రయోగం జరిగింది. నాసా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆ ఆరింటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు ఊరంతా ఒక టీవీ ముందు కూర్చునేది. ఇప్పుడు ఒక ఇంట్లో ఇద్దరికి రెండు టీవీలు. మన సమస్య అక్కడే మొదలవుతుంది.

డిష్ చేసే పని చాలా సింపుల్. అద్దం లాగా తరంగాలని ఒకచోటికి పోగు చేస్తుంది. పోగైన చోట, ముందుకి పొడుచుకొచ్చిన కడ్డీ చివర ఉండే చిన్న డబ్బాయే ఎల్‌ఎన్‌బీ. అసలు తెలివంతా అందులోనే ఉంది.

ఉపగ్రహం నుంచి వచ్చే కేయూ బ్యాండ్ తరంగాలు 10.7 నుంచి 12.75 గిగాహెర్ట్జ్ మధ్య ఉంటాయి. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ మామూలు కేబుల్‌లో ఎక్కువ దూరం ప్రయాణించలేదు, దారిలోనే నీరసించిపోతుంది. అందుకని ఎల్‌ఎన్‌బీ ఆ ఫ్రీక్వెన్సీని తగ్గించి, 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్యకి దించి, కేబుల్‌లోకి పంపిస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. పైన వచ్చేది 2 గిగాహెర్ట్జ్‌కి పైగా వెడల్పు. కేబుల్‌లో ఇచ్చిన జాగా 1.2 గిగాహెర్ట్జ్ మాత్రమే. పట్టదు. అందుకని మొత్తం బ్యాండ్‌ని కింది సగం, పై సగం అని రెండు ముక్కలు చేశారు. 11.7 గిగాహెర్ట్జ్ దగ్గర ఈ రెండూ విడిపోతాయి.

ఇంకో మెలిక కూడా ఉంది, పోలరైజేషన్. తరంగం నిలువుగా ఊగొచ్చు, అడ్డంగా ఊగొచ్చు. మా పాత ఇంటి కిటికీకి నిలువు ఊచలు ఉంటాయి. కర్రని నిలువుగా పట్టుకుంటే ఊచల మధ్య నుంచి దూరుతుంది, అడ్డంగా పట్టుకుంటే తగులుతుంది. అలాగే నిలువు తరంగాన్నీ అడ్డం తరంగాన్నీ వేరు చేసి పట్టుకోవచ్చు. కాబట్టి ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు వేర్వేరు సిగ్నల్స్ పంపొచ్చు. కొన్ని ఛానళ్లు నిలువులో వస్తాయి, కొన్ని అడ్డంలో వస్తాయి.

రెండు పోలరైజేషన్లు, ఒక్కోదానికి రెండు బ్యాండ్లు. మొత్తం నాలుగు గుంపులు. కేబుల్‌లో ఒకసారికి ఒక్క గుంపే పడుతుంది. మరి ఏ గుంపు కావాలో ఎల్‌ఎన్‌బీకి ఎవరు చెప్పాలి?

బాక్స్ చెబుతుంది. ఎలాగో తెలిశాక నాకు భలే నచ్చింది. ఎల్‌ఎన్‌బీకి కరెంటు కూడా అదే కేబుల్‌లో బాక్స్ నుంచే వెళ్తుంది కదా, ఆ కరెంటునే భాషగా వాడుకుంటారు. 13 వోల్టులు పంపితే "నిలువు ఇవ్వు" అని అర్థం, 18 వోల్టులు పంపితే "అడ్డం ఇవ్వు" అని. దాని మీద 22 కిలోహెర్ట్జ్ టోన్ కలిపితే "పై బ్యాండ్ ఇవ్వు" అని, టోన్ లేకపోతే "కింది బ్యాండ్" అని. అంటే రెండు బిట్లు, నాలుగు గుంపులు. మీరు రిమోట్‌లో ఛానల్ మార్చినప్పుడల్లా డాబా మీదకి ఈ రెండు బిట్ల ఆర్డర్ వెళ్తోందన్నమాట.

టేబుల్ వేశాను

థియరీ కంటే ముందు నేను చేసిన పని ఒకటుంది. అది రికార్డు పుస్తకంలో టేబుల్ వేయడం. టైమ్, హాల్లో టీవీ ఆన్‌లో ఉందా, గదిలో టీవీ వస్తోందా అని మూడు కాలమ్‌లు పెట్టి, ఒక రోజంతా గంట గంటకీ రాశా.

సాయంత్రం ఆరున్నరకి నాన్నమ్మ సీరియల్ పెట్టింది. గదిలో టీవీ పోయింది. "దొరికావ్!" అనుకున్నా. కానీ తొమ్మిదిన్నరకి నాన్నమ్మ టీవీ ఆపేసి పడుకున్నా తాతయ్య టీవీ రాలేదు. పొద్దున ఆరింటికి నాన్నమ్మ హాల్లో భక్తి ఛానల్ పెట్టింది, అప్పుడేమో గదిలో వార్తలు వచ్చాయి! హాల్లో టీవీ ఆన్ అయినప్పుడు పోవాల్సింది, వచ్చింది. ఆఫ్ అయినప్పుడు రావాల్సింది, రాలేదు. నా థియరీ రెండు వైపులా తప్పింది.

రెండో రోజు పొద్దున టిఫిన్ తింటుంటే తట్టింది. నాన్నమ్మ టీవీ రిమోట్‌తో టీవీని మాత్రమే ఆపుతుంది. బాక్స్ రిమోట్ ముట్టుకోదు. అంటే టీవీ నల్లగా ఉన్నా, బాక్స్ రాత్రంతా సీరియల్ ఛానల్ మీదే మేలుకుని ఉంటుంది. నేను రాయాల్సింది టీవీ ఆన్ అయ్యిందా అని కాదు, బాక్స్ ఏ ఛానల్ మీద ఉందని.

మా బాక్స్ మెనూలో సిగ్నల్ వివరాల పేజీ ఒకటి ఉంది. ఛానల్ ఫ్రీక్వెన్సీ, పక్కనే వీ లేదా హెచ్ అని కనిపిస్తాయి. వీ అంటే నిలువు, హెచ్ అంటే అడ్డం. తాతయ్య వార్తల ఛానల్ నిలువు. నాన్నమ్మ భక్తి ఛానల్ కూడా నిలువు. సీరియల్ ఛానల్ అడ్డం. ఆ కాలమ్ పెట్టి మళ్లీ టేబుల్ వేశా.

హాలు నిలువు, గది నిలువు అయితే రెండూ వచ్చాయి.
హాలు అడ్డం, గది అడ్డం అయితే రెండూ వచ్చాయి.
హాలు అడ్డం, గది నిలువు అయితే గదిలో పోయింది.
హాలు నిలువు, గది అడ్డం అయితే హాల్లో పోయింది.

నాలుగో లైన్ నేను కావాలని చేసి చూశా. నాన్నమ్మ భక్తి ఛానల్ చూస్తుంటే గదిలో అడ్డం ఛానల్ పెట్టా. హాల్లోంచి "అయ్యో, స్వామివారు పోయారు!" అని కేక వినిపించింది. జీవితంలో ఒక హైపోథీసిస్ ప్రూవ్ అయినందుకు అంత ఆనందం ఎప్పుడూ రాలేదు.

కారణం ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. స్ప్లిటర్ రెండు బాక్సుల కరెంటునీ ఒకే ఎల్‌ఎన్‌బీకి పంపుతుంది. ఒకరు 13 అంటారు, ఇంకొకరు 18 అంటారు. ఎక్కువ వోల్టేజ్ గెలుస్తుంది. ఎల్‌ఎన్‌బీ అడ్డానికి మారిపోతుంది. నిలువు అడిగినవాళ్లకి నో సిగ్నల్. మన భాషలో చెప్పాలంటే అది ఆర్ గేట్, ఏ ఒక్క ఇన్‌పుట్ వన్ అయినా అవుట్‌పుట్ వన్. ఇంకోలా చెప్పాలంటే రెండు థ్రెడ్లు ఒకే గ్లోబల్ వేరియబుల్‌ని మార్చేస్తున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో రేస్ కండిషన్ అని చదివేటప్పుడు నాకు నిద్ర వచ్చింది. ఇక్కడ మా నాన్నమ్మ ఒక థ్రెడ్, మా తాతయ్య ఒక థ్రెడ్.

ఆ సాయంత్రం తాతయ్య పక్కన కూర్చుని టేబుల్ చూపించా. "నాన్నమ్మ సీరియల్ పెట్టినప్పుడే నీ టీవీ పోతోంది తాతయ్యా" అన్నా. తాతయ్య నా వైపు అదోలా చూసి, నెమ్మదిగా, బలమంతా పెట్టి అన్నాడు: "ఈ...య్లు."

సీరియల్.

నీళ్లు కాదు. మూడు నెలలుగా తాతయ్య చెబుతున్నది అదే. మంచం మీద నుంచి హాల్లో సీరియల్ పాట వినిపించగానే తన టీవీ పోవడం రోజూ చూస్తున్నాడు కదా. మాకు అందరికంటే ముందే బగ్ రిపోర్ట్ ఇచ్చేశాడు. మేమే గ్లాసుతో నీళ్లు తెచ్చాం. నాన్నమ్మకి చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్లి ఆ రోజు సీరియల్ కట్టేసింది, ఈసారి బాక్స్‌తో సహా. గదిలో వార్తలు వచ్చాయి.

సరైన పద్ధతులు ఇవీ

ఒక డిష్ నుంచి ఒకటి కంటే ఎక్కువ టీవీలు చూడాలంటే ముందు మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటే. అన్ని టీవీల్లో ఒకే ఛానల్ చాలా, లేక ఎవరి ఛానల్ వాళ్లకి కావాలా?

ఒకే ఛానల్ చాలు అంటే ఒక బాక్స్ ఉంటే సరిపోతుంది. బాక్స్ తర్వాత హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ పెట్టుకోవచ్చు. హోటళ్లలో, షాపుల్లో రెండు గోడల మీద ఒకే మ్యాచ్ చూపించడానికి ఇది బాగుంటుంది.

వేర్వేరు ఛానళ్లు కావాలంటే టీవీకో బాక్స్ ఉండాలి, బాక్స్‌కో సొంత దారి కూడా ఉండాలి. రెండు టీవీలైతే ట్విన్ ఎల్‌ఎన్‌బీ. చూడటానికి ఒకటే డబ్బా గానీ, లోపల రెండు స్వతంత్రమైన స్విచ్‌లు, రెండు అవుట్‌పుట్లు. ఒక దాన్ని 13తో అడగొచ్చు, ఇంకో దాన్ని 18తో అడగొచ్చు. ఒకదాని మాట ఇంకోదానికి వినపడదు. నాలుగు టీవీలైతే నాలుగు అవుట్‌పుట్ల క్వాడ్.

అపార్ట్‌మెంట్లు, హాస్టళ్ల లాంటి చోట్ల మల్టీస్విచ్ పెడతారు. నాలుగు గుంపులనీ నాలుగు కేబుల్స్‌లో కిందికి తెచ్చేసి, మల్టీస్విచ్ అనే పెట్టెలో పడేస్తారు. ఏ గదిలో బాక్స్ ఏ గుంపు అడిగితే ఆ గుంపు ఇస్తుంది. కొత్త పద్ధతుల్లో ఒకే కేబుల్‌లో ఒక్కో బాక్స్‌కి ఒక్కో చిన్న ఫ్రీక్వెన్సీ ముక్క కేటాయిస్తారు. నెట్‌వర్క్స్‌లో ఫ్రీక్వెన్సీ డివిజన్ మల్టిప్లెక్సింగ్ గుర్తుందా, అదే.

మేం ట్విన్ ఎల్‌ఎన్‌బీ తెచ్చాం. అమలాపురంలో ఐదు వందల లోపే దొరికింది. నేనూ నాన్నా కలిసి బిగించాం. మీకు అవసరమైతే ఈ వరసలో చేయండి.

1. ముందు రెండు బాక్సుల ప్లగ్‌లూ పీకేయండి. కేబుల్‌లో కరెంటు ఉంటుందని చెప్పా కదా. కనెక్టర్ తగిలించేటప్పుడు షార్ట్ అయితే బాక్స్ పోవచ్చు.

2. డిష్‌ని కదపొద్దు. అసలు ముట్టుకోవద్దు. కొంచెం జరిగినా సిగ్నల్ పోవచ్చు. మార్చాల్సింది ఎల్‌ఎన్‌బీ ఒక్కటే.

3. పాత ఎల్‌ఎన్‌బీ తీసే ముందు అది ఏ కోణంలో మెలితిరిగి ఉందో మార్కర్‌తో గీత పెట్టండి, ఫోన్‌లో ఫోటో కూడా తీసుకోండి. నిలువు, అడ్డం అన్నవి ఉపగ్రహం లెక్కలో. మన ఊరి నుంచి చూస్తే అవి కొంచెం వాలి కనిపిస్తాయి. ఆ వాలుకి సరిపడా ఎల్‌ఎన్‌బీని తిప్పి బిగిస్తారు. కొత్తదాన్ని కూడా అదే కోణంలో పెట్టాలి.

4. కేబుల్ చివర జాలీ లాగా ఉండే వైరు పోగు ఒక్కటి కూడా మధ్య రాగి తీగకి తగలకూడదు. మా రెండో కేబుల్‌కి నేను చేసిన తప్పు ఇదే. గంటసేపు ఎల్‌ఎన్‌బీ పాడైందనుకున్నాం.

5. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్‌ని కిందికి ఒక వంపు తిప్పి వదలండి. వాన నీళ్లు ఆ వంపు దగ్గర జారి కిందపడతాయి, కనెక్టర్‌లోకి దిగవు.

6. రెండు కేబుల్స్‌కీ "హాలు", "గది" అని పేర్లు అంటించండి. తర్వాత వచ్చేవాళ్లు మీకు దణ్ణం పెడతారు.

7. చివరగా, నాలుగు లైన్ల టేబుల్ మొత్తం మళ్లీ టెస్ట్ చేయండి. ఒక ఛానల్ వచ్చిందని సంబరపడి దిగిపోవద్దు. మా మెకానిక్ చేసింది అదే.

ఇక చక్రాల మీద ఇల్లు

జూన్‌లో ఒక రోజు పొద్దున్నే డాలస్ నుంచి మా మావయ్య వీడియో కాల్ చేశాడు. వాళ్లు సెకండ్ హ్యాండ్‌లో ఆర్‌వీ కొన్నారు. ఆర్‌వీ అంటే ఇల్లూ బండీ కలిపి ఒకటే అనుకోండి. మంచాలు, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ లోపలే. సెలవులకి పిల్లల్ని ఎక్కించుకుని అడవులు, కొండలు తిరుగుతారు. అలాంటి చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటర్నెట్‌లో సినిమాలు కుదరవు. అందుకని పైకప్పు మీద బోర్లించిన గిన్నె లాంటి డోమ్ ఒకటి ఉంది. దాని లోపల చిన్న డిష్, దాన్ని తిప్పే మోటార్లు. బండి ఎక్కడ ఆగినా అదే తిరిగి ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. ముందు ఒక టీవీ, వెనక పిల్లల మంచాల దగ్గర ఒక టీవీ.

"ఏరా, నేను ఛానల్ మారిస్తే పిల్లల టీవీ పోతోంది. అమ్మ చెప్పింది నువ్వు ఇందులో ఎక్స్‌పర్ట్‌వని" అన్నాడు.

నేను కాలర్ ఎగరేశా. "స్ప్లిటర్ తీసేసి ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టండి మావయ్యా" అన్నా.

"స్ప్లిటర్ లేదురా. డోమ్‌లోంచే రెండు కేబుల్స్ విడివిడిగా వస్తున్నాయి."

కాలర్ దించేశా. ఒక్క కేసు చూసి ఎక్స్‌పర్ట్ అయిపోతే ఇలాగే ఉంటుంది. మళ్లీ టేబుల్ వేయమన్నా. మావయ్య ఏ ఛానల్ పెడితే పోతోంది, ఏ ఛానల్ పెడితే పోవట్లేదు అని. రెండు రోజుల తర్వాత ఫోటో పంపాడు. పైన నుంచి కింద దాకా చూస్తే ఒక సంగతి తేలింది. పిల్లల టీవీ పోయిన ప్రతిసారీ డోమ్‌లోంచి మోటార్ చప్పుడు వచ్చింది.

మన దగ్గర ఒక ఆపరేటర్ ఛానళ్లన్నీ సాధారణంగా ఆకాశంలో ఒకే చోటు నుంచి వస్తాయి. మావయ్య కనెక్షన్‌లో మాత్రం ఛానళ్లు పశ్చిమ రేఖాంశం 110, 119, 129 డిగ్రీల దగ్గర మూడు చోట్ల ఉన్న ఉపగ్రహాల్లో పంచి ఉన్నాయి. ఇంటి మీద పెట్టే డిష్‌కి మూడు కళ్లు ఉంటాయి కాబట్టి మూడింటినీ ఒకేసారి చూస్తుంది. డోమ్‌లో ఉన్నది చిన్న డిష్, ఒకే కన్ను. మావయ్య ఛానల్ 110లో ఉంటే డిష్ అటు తిరుగుతుంది. పిల్లల కార్టూన్ 119లో ఉంటే పాపం దానికి సిగ్నల్ ఉండదు. డోమ్ ముందు బాక్స్ మాటే వింటుంది. రెండో బాక్స్ ఆ సమయానికి డిష్ ఏ ఉపగ్రహాన్ని చూస్తోందో అందులో ఉన్న ఛానళ్లతోనే సర్దుకోవాలి.

వోల్టేజ్ గొడవ ఇక్కడ లేదు. ఎల్‌ఎన్‌బీ రెండు దారులూ వేరువేరే. కానీ ఒక మెట్టు పైన ఇంకో గ్లోబల్ వేరియబుల్ ఉంది, అదే డిష్ చూసే దిక్కు. మా ఇంట్లో అది ఎప్పటికీ మారని కాన్‌స్టంట్ కాబట్టి నాకు తట్టలేదు.

దీనికి డోమ్‌లో మందు లేదు. మావయ్యకి మూడు దారులు చెప్పా. బండి ఒకచోట రెండు మూడు రోజులు ఆగితే, మూడు కళ్ల డిష్‌ని ట్రైపాడ్ మీద బయట పెట్టుకోవడం. ఒక్క రాత్రే ఆగితే, అందరూ ఒకే ఉపగ్రహంలో ఉన్న ఛానళ్లు చూడటం, దానికోసం ఏ ఛానల్ ఎక్కడుందో ఒక చీటీ రాసి గోడకి అంటించుకోవడం. అదీ కుదరకపోతే, ఒక బాక్స్ నుంచి హెచ్‌డీఎంఐతో రెండు టీవీల్లో ఒకటే చూడటం.

చెట్ల సంగతి కూడా చెప్పా. పైథాన్‌లో పది లైన్లలో డిష్ ఎత్తు కోణం లెక్క రాశా. మన డీడీ ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 తూర్పు రేఖాంశం 93.5 డిగ్రీల దగ్గర ఉంటుంది. మా కోనసీమ నుంచి చూస్తే అది ఆగ్నేయంగా, నేల మీద నుంచి సుమారు 66 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. దాదాపు నడినెత్తికి దగ్గర అన్నమాట, అందుకే కొబ్బరి చెట్ల మధ్య కూడా పనైపోతుంది. 119 డిగ్రీల ఉపగ్రహం డాలస్ నుంచి 45 డిగ్రీల ఎత్తులో కనిపిస్తుంది. ఉత్తరాన సియాటిల్ దాకా వెళితే 35 డిగ్రీలే. అక్కడ పొడుగు చెట్ల కింద బండి ఆపితే ఏ డోమూ ఏమీ చేయలేదు. దక్షిణం వైపు ఆకాశం ఖాళీగా ఉన్న చోటు చూసి ఆపుకోవాలి.

మావయ్య చీటీ పద్ధతి ఎంచుకున్నాడు. చీటీ పిల్లలే రాశారట.

చివరగా

నేను నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, ఒకరు మారిస్తే ఇంకొకరికి పోతోందంటే, ఇద్దరూ పంచుకుంటున్న వస్తువు ఎక్కడో ఉంది. అది వోల్టేజ్ కావొచ్చు, దిక్కు కావొచ్చు. దాన్ని వెతకండి. రెండు, రోజూ వాడే మనిషిని ముందు అడగండి. మాట స్పష్టంగా రాకపోయినా సరే, ఓపిగ్గా ఇంకోసారి వినండి. మేం వినలేదు.

ఇప్పుడు తాతయ్యకి ఫిజియోథెరపీ జరుగుతోంది. మాట కొంచెం తేరుకుంది. పోయిన వారం ఫోన్‌లో "సీ-రి-యల్" అని మూడు ముక్కలుగా అన్నాడు. నాన్నమ్మ పక్కనుంచి నవ్వడం వినిపించింది.

మీకో ప్రశ్న. ఒక హాస్టల్‌లో ఒకే మామూలు ఎల్‌ఎన్‌బీ నుంచి స్ప్లిటర్‌తో మూడు టీవీలకి కనెక్షన్ ఇచ్చారు. మొదటి గదిలో నిలువు, కింది బ్యాండ్. రెండో గదిలో అడ్డం, కింది బ్యాండ్. మూడో గదిలో నిలువు, పై బ్యాండ్. టోన్ కూడా వోల్టేజ్ లాగే, ఎవరు పంపినా ఎల్‌ఎన్‌బీకి వినిపిస్తుంది. ఎన్ని టీవీల్లో బొమ్మ వస్తుంది? టేబుల్ వేసి, జవాబు మన క్లబ్‌కి పంపండి. జవాబు చూసి ఆశ్చర్యపోకండి, నేను రెండుసార్లు సరిచూసుకున్నా.